లెక్కల్లో పోయింది

మా వైపు పరీక్ష తప్పినవాళ్లను 'పోయినారు' అంటాం. 'ఇంగ్లీషులో గట్టెక్కింది, లెక్కల్లో పోయింది' అంటే దొర్నిపాడు నుంచి నంద్యాల దాకా ఎవరికైనా అర్థమవుతుంది. నేను ఐదో తరగతిలోనే మూడుసార్లు పోయాను. మూడోసారికి మా అయ్యవారే విసుగెత్తి వేరే ఊరికి బదిలీ చేయించుకున్నారు. అంత అనుభవం ఉన్న నాకు కూడా, ఆ మాట ఒక మనిషి గుండె మీదికి వస్తుందని మొన్నటి శనివారం దాకా తెలియదు.

మా కోడలు లూదియా ఆళ్లగడ్డలో ఒక ప్రైవేటు బడిలో తొమ్మిదో తరగతికి లెక్కలు చెబుతుంది. ఆ శనివారం నంద్యాలలో టీచర్లకు శిక్షణ పెట్టారు. బడుల వాళ్లు వాడే ఒక యాప్‌లో ఏవో కొత్త సదుపాయాలు వచ్చాయట, అవి నేర్పడానికి. నాకు కంటి డాక్టరుతో పని ఉండి నేనూ వెంట వెళ్లాను. నా పని పదకొండుకే అయిపోయింది. మిగిలిన పొద్దు శిక్షణ హాల్లో చివరి బెంచీ మీద కూర్చున్నాను. బడిలో ఉన్నన్నాళ్లూ నా చోటు అదే కాబట్టి ముఖం చూసి ఎవరూ లేపలేదు.

చెప్పే కుర్రాయన మెడకు టై బిగించుకుని గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. ఇక టీచర్లు కూర్చుని టైపు కొట్టక్కర్లేదట. నోటితో చెబితే ఫోనే రాసుకుంటుందట. మన మాట మొరటుగా ఉంటే 'మర్యాదగా మార్చు' అని ఒక బటను ఉంది, అది నొక్కితే చాలు, పట్టుపంచె కట్టుకున్నట్టు మారిపోతుందట. ఇంకా విచిత్రం ఏమిటంటే, చదవలేని పెద్దవాళ్ల ఇంటికి ఆ యాప్ తనే ఫోను చేసి, ఆడగొంతుతో ఆ మాటలు చదివి వినిపిస్తుంది. లైను ఖాళీ లేకపోతే ఐదు నిమిషాలకొకసారి, మొత్తం మూడుసార్లు చేస్తుంది. మూడుసార్లకూ దొరక్కపోతే మానుకుంటుంది.

"అందరూ నిజమైన సందేశమే ఒకటి పెట్టండి. నాలుగు గంటలకు పోయేటట్టు టైము పెట్టండి" అన్నాడు.

నూటయాభై మంది టీచర్లు ఒక్కసారిగా ఫోన్లతో మాట్లాడడం మొదలుపెట్టారు. సంతలో కోళ్ల బుట్టలన్నీ ఒకేసారి తెరిచినట్టయింది. మా కోడలు కూడా ఫోను మూతి దగ్గర పెట్టుకుని, "హర్షిణి లెక్కల్లో పోయింది. మీరొకసారి బడికి రావాల" అంది. మర్యాద బటను నొక్కింది. అంతలో భోజనాలకు పిలిచారు. వచ్చిన అక్షరాలు చదవకుండానే 'సరే' నొక్కి లేచింది. ఆమెను అనడానికి లేదు, సాంబారన్నం గిన్నెల దగ్గరికి నేను ఆమెకంటే ముందే చేరాను.

భోజనాలయ్యాక హెడ్మాస్టర్లను మాత్రం ఉంచుకుని మిగతా వాళ్లను పంపేశారు. మూడూ పదికి ఆళ్లగడ్డ బస్సెక్కాం. ఊరు దాటి పావుగంట అయి ఉంటుంది. లూదియా ఫోను తీసి చూసింది. చూస్తూ చూస్తూనే చేత్తో నా మోకాలు గట్టిగా పట్టుకుంది.

"మామా, ఇది ఇనండి" అని నా చెవి దగ్గర చదివింది.

'మీ మనవరాలు హర్షిణి మనల్ని విడిచి వెళ్లిపోయిందని తెలియజేయుటకు మిక్కిలి చింతిస్తున్నాము. దయచేసి వెంటనే పాఠశాలకు రాగలరు.'

ఆ హాలు గోలలో 'లెక్కల్లో' అన్న ముక్క ఫోనుకు వినపడలేదు. మిగిలింది 'హర్షిణి పోయింది'. దానికి మర్యాద బటను తన మర్యాదంతా చేసింది.

సిగ్గులేకుండా ముందు నేను నవ్వాను.

"నవ్వొద్దు మామా. ఇది పోయేది మహానందవ్వకు."

నా నవ్వు అక్కడే ఆగిపోయింది.

మహానందమ్మది ఆళ్లగడ్డ బస్టాండు ఎదురుగా చిల్లరంగడి. భర్త మునిస్వామి ఉన్నప్పుడు ఇద్దరూ నడిపేవారు, ఆయన పోయాక ఆమే నడుపుతోంది. నాకంటే రెండేళ్లు చిన్న, నన్ను అన్నా అంటుంది. కంటిచూపు ఆనక, బడి కబుర్లన్నీ ఫోనులో చదివి వినిపించమని రాయించుకుంది. నంద్యాలలో ఆమె గుండెకు స్టెంటు వేసి ఆ రోజుకు నలభై దినాలు. ఉలికిపాటు వార్త ఏదీ చెవిన వేయొద్దని డాక్టరు మరీ మరీ చెప్పాడు. ఇంట్లో ఉండేది ఆమె, మనవరాలు హర్షిణి. ఆ పిల్ల నాయన గుడ్డల వ్యాపారం మీద ఊళ్లు తిరుగుతుంటాడు.

పిల్ల కళ్లెదుట ఉంటే భయం లేదు. కానీ ఆ రోజు ఖోఖో పోటీలకని తెల్లవారే ఆత్మకూరు వెళ్లింది. వెంట వెళ్లిన ఆటల టీచరు దెబోరాకు ఫోను చేస్తే అందుబాటులో లేరంటోంది.

"తీసేయ్ మా దాన్ని! నాలుక్కు ఇంకా అరగంట ఉంది గదా."

"ఫోన్లో సూడనిస్తాది మామా, తీయనీదు. తీయాలంటే కంప్యూటరే కావాలంట. లేకుంటే హెడ్మాస్టరు తీయాల." ఆమె అప్పటికే హెడ్మాస్టరు ప్రశాంత్‌కు వరసగా ఆరుసార్లు చేసింది. మోగుతోంది, ఎత్తడం లేదు. శిక్షణలో ఫోన్ల నోళ్లు మూయించారు కదా.

చివరికి బడిలో కంప్యూటర్లు చూసే క్రాంతి కుమార్ దొరికాడు. శనివారం మధ్యాహ్నం కావడంతో ఇంట్లో పడుకుని ఉన్నాడు. "పోతా మేడం, తాళంచెవి వాచ్‌మన్ దగ్గరుంది, వాన్ని పట్టుకోవాల" అన్నాడు. ఆ పట్టుకోవడం ఎంతసేపో దేవుడికి తెలియాలి.

"పక్కంగడి ఫణీంద్రకు చెప్తామా మామా? కాసేపు అవ్వ ఫోను తీసిపెట్టమని?"

"వాని నోట్లో నువ్వుగింజ నానదు. మనం చెప్పి ముగించకముందే వీధిలో నిలబడి అరుస్తాడు."

"అయితే మీరే చేసి చెప్పండి. ఇట్లా తప్పు ఫోను ఒకటి వస్తాది, పాపకేం కాలేదు అని."

ఆ పని నావల్ల అయ్యేది కాదు. మూడేళ్ల కింద మహానందమ్మ కూతురు, హర్షిణి తల్లి సుష్మ, కర్నూలు ఆసుపత్రిలో కన్ను మూసినప్పుడు పక్కన ఉన్నది నేను. మహానందమ్మకు ఫోను చేసిందీ నేనే. మన దగ్గర చావు కబురు ఎవరు మాత్రం ఉన్నదున్నట్టు చెబుతారు? 'ఏం కాలేదు మా, కొంచెం నీరసంగా ఉంది, బేగా రా' అన్నాను. వచ్చింది. చూసింది. ఆ తర్వాత ఒకరోజు అంగట్లో కందిపప్పు తూస్తూ, తల ఎత్తకుండానే నాతో అంది: 'దాసన్నా, ఇంకెప్పుడూ నాతో ఏం కాలేదు అని అనొద్దు. ఆ మాటింటే నాకు కాళ్లు సల్లబడతాయి.'

ఇప్పుడు నేను ఫోను చేసి పాపకేం కాలేదు అంటే ఇక ఆ యాప్ చేయక్కర్లేదు, దాని పని నేనే చేసినట్టు.

లూదియా కళ్లు తుడుచుకుంది. టైము మూడూ యాభై. క్రాంతి కుమార్ ఇంకా వాచ్‌మన్ కోసం చూస్తున్నాడు.

"లైను ఖాళీ లేకుంటే మూడుసార్లు చేసి మానుకుంటాది అన్యాడు గదా ఆ టై అబ్బాయి?" అన్నాను.

"అవును. నాలుక్కు, నాలుగూ ఐదుకు, నాలుగూ పదికి."

"అయితే నాలుగూ పది దాకా ఆ యమ్మ లైను నేను పట్టుకుంటా. నువ్వు నీ తంటా పడు."

"ఇరవై నిమిషాలు ఏం మాట్లాడతారు మామా?"

డెబ్బై ఏళ్లుగా నన్ను ఎవరూ అడగని ప్రశ్న అది. నోరు ముయ్యమన్నవాళ్లే తప్ప, ఏం మాట్లాడతావని అడిగినవాళ్లు లేరు. నా బటన్ల ఫోను తీశాను. ఛార్జింగు గీతలు నాలుగింట్లో ఒకటే మిగిలి ఉంది. ముందు రోజు ప్లగ్గులో పెట్టి స్విచ్చి వేయడం మరిచాను.

"ఎవురు?"

"నేను మా, ప్రభుదాసును. బస్సులో ఉండా."

"ఏంది దాసన్నా? నంద్యాలకు పోయినావంట గదా." వెంటనే గొంతు మారింది. "మంచిదేనా? ఎవురికన్నా ఏమన్నా..."

ఇక్కడే 'ఏం కాలేదు' అని నాలుక చివరి దాకా వచ్చింది. మింగేశాను.

"గుమ్మడికాయ ఎట్ల ఇస్తాండావో కనుక్కుందామని చేసినా."

"కిలో ఇరవై. దీనికి బస్సులోంచి ఫోను చేయాల్నా?"

"కిలోలా! మా చేన్లో కాసిన కాయను కిలోల్లో అమ్మలేదమ్మా. ఎకరాల్లెక్కన అమ్మినాం."

"మొదలుపెట్టినాడు," అని ఆమె ఎవరితోనో అంది. గిరాకీ ఎవరో ఉన్నట్టున్నారు. కానీ పెట్టేయలేదు.

కుందూ ఏరు పొంగిన సంవత్సరం మా చేలో పడిన గుమ్మడి గింజ సంగతి ఎత్తుకున్నాను. ఆ తీగ ఎంత వేగంగా పాకిందంటే, గట్టు మీద మంచం వేసుకుని కునుకు తీస్తే మంచం కోడుకు చుట్టుకుని, నన్ను మంచంతో సహా ఏరు దాటించి గోస్పాడు పొలిమేరలో దించింది. ఆ ఊరివాళ్లు నన్ను పెళ్లికొడుకు అనుకుని కాళ్లకు నీళ్లిచ్చారు. బస్సులో ముందు సీటు ముసలాయన మెడ వెనక్కి తిప్పి, "తర్వాతేమాయె?" అన్నాడు. ఆయన పక్కనున్నామె తన చేతిసంచీ ఒళ్లోకి లాక్కుని, నన్నొక దొంగను చూసినట్టు చూసింది.

పక్కన లూదియా ఫోనులో క్రాంతి కుమార్ గొంతు వినబడుతోంది. "మేడం, లోపలికొచ్చినా. కంప్యూటరు ఇంకా లేయలే. తిరుగుతాంది, తిరుగుతాంది."

"బేగా కానీ క్రాంతీ!"

నాలుగైంది. నా చేతి గడియారం ముల్లు చూస్తున్నాను గానీ, నోరు గుమ్మడితీగ వెంట పరిగెడుతోంది.

"ఉండు దాసన్నా, ఉండు. మధ్యలో కూ కూ అంటాంది. ఎవురో కొడ్తాండారు."

"ఫోనుకు పాటలు పెట్టుకుంటావా అని అడిగే కంపెనీ వాళ్లు లేమ్మా. రోజూ నాక్కూడా చేస్తారు."

"పాప వాళ్లేమో. ఆత్మకూరు పోయింది గదా. పెట్టేయ్, ఎత్తి సూస్తా."

"పెట్టేస్తా గానీ, మా ఎనుము సంగతి ఇని పెట్టేయ్. మూడు దినాలు కనపడలే. యాడుందనుకుంటాండావ్? ఆ గుమ్మడికాయకు బొక్క పెట్టుకోని లోపలికి పోయి మేస్తాంది! లోపలే ఈనింది కూడా. దూడను బయటికి తెచ్చేకి లోపలికి ఎవురు దిగినారో తెల్సా నీకు?"

"ఎవురైతే నాకేంది? పెట్టేయప్పా, మళ్లా చేస్తా."

"మీ ఆయన. మునిస్వామి."

పెట్టేసిందేమో అనుకున్నాను. ఫోను చెవికి ఇంకా గట్టిగా అదుముకున్నాను.

"మా ఆయనా?" అంది మెల్లగా. "ఆయనకు గుమ్మడికాయ అంటేనే పడదు గదప్పా."

"ఎందుకు పడదో ఎప్పుడన్నా అడిగినావా? ఆ పొద్దునుంచే పడలే."

ఆమె నవ్వింది. చాలా రోజులకు విన్నాను ఆ నవ్వు. ఆ నవ్వు వింటున్నకొద్దీ నాకు భయం పెరిగింది. ఆ నవ్వు మీదికి ఆ ఆడగొంతు వచ్చి పడితే ఏమవుతుంది?

"పాస్‌వర్డు చెప్పండి మేడం," అంటున్నాడు క్రాంతి కుమార్.

లూదియా అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "కీర్తన ఇరవైమూడు."

"ఇరవైమూడు అంకెల్లోనా, అక్షరాల్లోనా?"

"అంకెల్లో."

"తప్పంటాంది మేడం."

"కే పెద్దది పెట్టు క్రాంతీ!" ఆమె గొంతు తగ్గించిన సంగతి మరిచిపోయింది. బస్సంతా మా వైపే చూసింది. కండక్టరు టికెట్ల మిషన్ చేతిలో పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు.

"ఓటీపీ వస్తాది మేడం మీ ఫోనుకు. రెండు నిమిషాలే టైము."

బస్సు శిరివెళ్ల దాటింది. అక్కడ ఆమె ఫోనులో సిగ్నలు గీతలు ఒక్కొక్కటే మాయమయ్యాయి. లూదియా లేచి, కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి ఫోను గాలిలోకి ఎత్తింది. కండక్టరు "చెయ్యి లోపల పెట్టమ్మా" అనబోయి, ఆమె ముఖం చూసి ఊరుకున్నాడు.

నాలుగూ ఐదు.

"మళ్లా కూ కూ అంటాంది," అంది మహానందమ్మ. "అననీ. నువ్వు చెప్పు. లోపలికి దిగి మా ఆయనేం చేసినాడు?"

రెండుసార్లు గడిచాయి. ఇంకొక్కసారి మిగిలి ఉంది. నా దగ్గర కథ అయిపోయింది. ఎనుము బయటికొచ్చేసింది, దూడా బయటికొచ్చేసింది, గుమ్మడికాయ ఎకరాల లెక్కన అమ్ముడుపోయింది. నోటికి ఏది వస్తే అది అనేశాను.

"లోపల్నుంచి మీ ఆయన నాతో ఒక మాట చెప్పినాడు. నీ గురించే. దాసూ, ఇది మా మహానందకు మాత్రం చెప్పొద్దురా అన్యాడు. ఇన్నేండ్లూ చెప్పలే."

"ఏం మాట?"

ఏం మాటో నాకూ తెలియదు. ఆలోచించడానికి ఒక్క క్షణం ఆగాను. ఆ క్షణంలోనే నా ఫోను ఒకసారి కీచుమని చచ్చిపోయింది.

నాలుగూ ఏడు.

లూదియా చేతిలోని ఫోను లాక్కుని మహానందమ్మ నంబరు నొక్కుదామంటే దానికి ఇంకా సిగ్నలు లేదు. ముందు సీటు ముసలాయన తన ఫోనిచ్చాడు. ఆయనదీ అదే కంపెనీ, అదే సున్నా. నా గడియారంలో నాలుగూ ఎనిమిది, నాలుగూ తొమ్మిది. లూదియా కళ్లు మూసుకుని పెదవులు కదుపుతోంది. నేనూ మూసుకున్నాను. నాలాంటి వాడి ప్రార్థన దేవుడు నమ్ముతాడో లేదో గానీ, ఆ పొద్దు అడగడం మాత్రం అడిగాను. కళ్లు తెరిచేసరికి నాలుగూ పదకొండు.

ఆ తర్వాత పావుగంట నా తల నిండా ప్రశ్నలే. ఫోను ఆమె ఎత్తి ఉంటుందా, ఎత్తి ఉంటే అంగట్లో ఎవరైనా ఉన్నారా, ఆమె నాలుక కింద పెట్టుకునే మాత్ర ఎక్కడుంటుందో ఫణీంద్రకైనా తెలుసా... ఆళ్లగడ్డ పొలిమేరలో స్పీడ్ బ్రేకరు దగ్గర బస్సు వేగం తగ్గినా నాకు డ్రైవరు మీద కోపం వచ్చింది.

బస్టాండులో బస్సు ఆగకముందే తలుపు దగ్గర నిలబడ్డాను. ఎదురుగా అంగడి. సగం వరకూ షట్టరు దించి ఉంది. నలభై ఏళ్లలో ఆ షట్టరు అట్లా సగంలో ఆగింది మూడేళ్ల కింద, సుష్మ పోయిన రోజు ఒక్కసారే. లూదియా నా భుజం పట్టుకుంది.

"దాసన్నా!"

ఆ అరుపు అంగట్లోంచి రాలేదు. బస్సుల మధ్యలోంచి వచ్చింది. మహానందమ్మ చెవికి ఫోను పెట్టుకుని, కొంగు జారిపోతున్నా పట్టించుకోకుండా, ప్రతి బస్సు నంబరూ కళ్లు చికిలించి చూస్తూ వస్తోంది.

"ఏమప్పా, సచ్చినావా బతికినావా? మాట మధ్యలో తెగిపోయె. స్విచ్ఛాఫ్ అంటాంది. కొట్టినా, మళ్లా కొట్టినా, మళ్లా కొట్టినా. ఇరవైసార్లు కొట్టింటా. బస్సుకేమన్నా అయిందేమోనని షట్టరు దించి ఈడికొచ్చి నిలబడినా!"

అంటే ఆ నాలుగూ పదికి ఆమె లైను ఖాళీ లేకుండా పట్టుకున్నది ఆమే. చచ్చిపోయిన నా ఫోనుకు కొడుతూ.

నేను నోరు తెరవబోతుండగా ఆమె చేతిలో ఫోను మోగింది. తెలియని నంబరు. క్రాంతి కుమార్ దాన్ని తీశాడో లేదో మాకు ఇంకా తెలియదు. అది నాలుగోసారి చేయదని చెప్పింది ఆ టై కుర్రాడు, అతని మాట నమ్మే కదా ఇంత దాకా వచ్చింది. ఆమె ఎత్తబోయింది. నేను ఆమె చేతిలోంచి ఫోను లాక్కుని నా చెవికి పెట్టుకున్నాను.

"అవ్వా! నేను. దెబోరా మేడం ఫోనుకు సిగ్నల్ లేదు, డ్రైవరన్న ఫోన్లోంచి చేస్తాండా. మేము ఓడిపోయినాం."

"ఓడిపోతే ఓడిపోయినారు లే మా," అన్నాను. "ఇంద, మీ అవ్వతో మాట్లాడు."

మహానందమ్మ మాట్లాడినంతసేపూ లూదియా అక్కడ సిమెంటు బెంచీ మీద కూర్చుండిపోయింది. అప్పుడే ఆమె ఫోనుకు క్రాంతి కుమార్ మెసేజీ వచ్చింది. మూడుసార్లూ బిజీ చూపించిందట. నాలుగూ పన్నెండుకు ఓటీపీ లేకుండానే ఎట్లానో హెడ్మాస్టర్ని పట్టుకుని తీయించాడట.

మహానందమ్మ ఫోను కొంగున కట్టుకుని నా వైపు తిరిగింది. "పెరుక్కుంటావేంది ఫోను? దొంగవా నువ్వు? సర్లే. ముందు చెప్పు. ఏమన్యాడు మా ఆయన?"

తప్పించుకునే దారి లేదు. "మహానంద తూకం ఏస్తాంటే నేను కాటా సూడనురా, ఆ యమ్మ మొగమే సూస్తా అన్యాడు."

ఆమె జారిన కొంగు భుజాన సర్దుకుంది. "బతికుండగా నాతో ఒక్కసారన్నా అనకపోయె, సచ్చినోడు," అంది. తర్వాత లూదియా వైపు తిరిగి, "ఏమ్మా, మా పాపకు లెక్కల్లో ఎన్నొచ్చినాయి? అడిగితే మాట మారుస్తాంది" అంది.

లూదియా నోరు తెరిచి, ఆగి, మాట వెతుక్కుంది. "వందకు ఇరవై రెండు, అవ్వా."

"అంటే పోయిందన్న మాట."

మా కోడలు భోరున ఏడ్చేసింది. మహానందమ్మ తెల్లబోయి ఆమె తల నిమిరింది. "ఇదేంది దాసన్నా, పోయింది మా పాప అయితే ఈ యమ్మ ఏడుస్తాది?"

ఇక దాచడం నావల్ల కాలేదు. నంద్యాల హాలు, మర్యాద బటను, నాలుగు గంటల ఫోను, మొదటి నుంచి చివరిదాకా పొల్లు పోకుండా, ఒక్క గింజ కూడా కలపకుండా చెప్పాను. నా జన్మలో అంత చప్పగా ఏదీ చెప్పలేదు.

ఆమె మొత్తం విన్నది. విని, చేయి తిప్పింది.

"గుమ్మడికాయలో ఎనుము ఈనింది అంటే నమ్మినా. మా ఆయన దిగినాడంటే నమ్మినా. దీన్నెట్ల నమ్మాలప్పా? బడి వాళ్ల యంత్రం గదా అది, దానికి పోయింది అంటే ఏందో తెలీదా? మా అంగట్లో పిల్లిక్కూడా తెల్సు!" అంది. అంతలో ముఖం బిగుసుకుంది. "ఇంకేమన్నా చెప్పు, నవ్వుతా. నా పాప మీద మాత్రం ఇట్లాంటి అబద్ధం కట్టొద్దు. చెప్తాండా."

లూదియా నిజమని చెప్పబోతూ తల ఎత్తింది. నేను ఆమె చెయ్యి నొక్కాను.

"అబద్ధమే మా," అన్నాను.

"అట్ల ఒప్పుకో," అని మహానందమ్మ షట్టరెత్తడానికి వెళ్లింది. లూదియా ముఖం కడుక్కుని ఇంటికి రాకుండా నేరుగా బడికి నడిచింది. ఆ కంప్యూటరు ముందు కూర్చుని, సోమవారం తన తరగతి పిల్లల నలభై ఇళ్లకు పోవాల్సిన మాటలన్నీ ఒక్కొక్కటే పైకి చదువుకుంటూ రాత్రి ఏడు గంటల దాకా అక్కడే ఉందట.